దొరగారి రెండో డోసు

మా వదిన ఎవరినైనా కొత్తగా కలిస్తే ముఖం చూడదు, చేతులు చూస్తుంది. పదిహేనేళ్లు పశువుల బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసిన అలవాటు అది. బతికున్న గేదె చెవి బిళ్ల పీకి చచ్చిన గేదె చెవికి తగిలించే మహానుభావుల్ని ఆవిడ వందలమందిని పట్టుకుంది. ఆ ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచాక నన్ను డ్రైవరుగా, గుమాస్తాగా, తిట్లు తినే మనిషిగా పెట్టుకుంది. మూడో పనితోనే నాకు తీరిక ఉండదు.

ఆ మంగళవారం పదకొండూ ఇరవైకి కుక్కల ఆసుపత్రి ముందు కారు దిగేసరికి, మెట్ల దగ్గర నల్లటి లాబ్రడార్ ఒకటి నిలబడి ఉంది. ఉన్నవి నాలుగే మెట్లు. కుక్క మొదటి మెట్టు ముందు ఆగి, తల వెనక్కి తిప్పి, పక్కనున్న పెద్దాయన వంక చూస్తోంది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. భుజం మీద అంచులు పీకిన పాత తువ్వాలు ఒకటి ఉంది.

"పదరా దొరా, ఇంకా తువ్వాలేంటి నీకు? సిగ్గులేకపోతే సరి!" అన్నాడాయన.

కుక్క కదల్లేదు. ఆయన వీపు మీద చిన్నగా తట్టాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది దానికి. నాలుగు మెట్లూ గబగబా ఎక్కేసి, పైన నిలబడి, ఆలస్యం మీదే అన్నట్టు మా అందరినీ చూసింది.

"రాసుకో," అంది వదిన.

"ఏమని వదినా? కుక్క మెట్లెక్కిందనా?"

"ఎక్కే ముందు ఆగిందని."

రాసుకున్నాను. వాదిస్తే మూడో పని మొదలవుతుంది.

కేసు మొత్తం ఆ కుక్కదే. పేరు దొరగారు, వయసు పదకొండు. వెనక తుంటి కీళ్లు రెండూ అరిగిపోయి రెండేళ్లు నరకం చూసింది. మెట్టు వచ్చినప్పుడల్లా కండక్టరుగారు పొట్ట కింద తువ్వాలు వేసి, వెనక భాగం ఎత్తి పట్టుకునేవాడు. ఊళ్లో పెద్ద పశువైద్యుడు, అందరూ కత్తి డాక్టరు అని పిలిచే ఆపరేషన్ల నిపుణుడు, రెండే దారులన్నాడు. ఇనుప కీళ్లు వేయించడం, లేదా ఒక్క సూదితో నిద్రపుచ్చేయడం. కండక్టరుగారు మూడో దారి వెతుక్కుంటూ ఈ ఆసుపత్రికి వచ్చాడు.

ఇక్కడి డాక్టరమ్మ దొరగారి పొట్ట దగ్గర్నుంచి చెంచాడు కొవ్వు తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ అనే మూలకణాల్ని వేరుచేసి, సగం కీళ్లలోకి ఎక్కించింది. అన్ని కుక్కలకీ పనిచేస్తుందని హామీ ఇవ్వలేనని ముందే కాగితం మీద రాసిచ్చింది. దొరగారికి మాత్రం పనిచేసింది. రెండు నెలల్లో కుంటడం తగ్గింది, నాలుగో నెలలో కండక్టరుగారి చెప్పు నోట కరుచుకుని వీధంతా పరిగెత్తింది. మిగతా సగం కణాల్ని రెండో డోసు కోసం ద్రవ నైట్రోజన్ డబ్బాలో గడ్డకట్టించి దాచారు.

అప్పుడు వచ్చింది ఫిర్యాదు. అసలు స్టెమ్ సెల్సే లేవు, ఏదో నొప్పి మందు పొడిచి జనాన్ని మోసం చేస్తోందని. రాసింది కత్తి డాక్టరు. ఆయన పశువైద్య మండలిలో సభ్యుడు కూడా. డాక్టరమ్మ దగ్గరున్న రుజువు ఒక్కటే, ఆ దాచిన సీసా. సోమవారం ఉదయం పదింటికి మండలి విచారణాధికారి వచ్చి డబ్బా తెరిస్తే సీసా లేదు. డాక్టరమ్మే మాయం చేసిందని తేల్చి, డబ్బాకి సీలు వేసి వెళ్లాడు. మంగళవారం, అంటే ఈ రోజు సాయంత్రం నాలుగింటికి మండలి సమావేశం. డాక్టరమ్మ లైసెన్సు అక్కడ రద్దవుతుంది.

డాక్టరమ్మకి యాభై దగ్గర్లో ఉంటాయి. మాకు కబురు పెట్టింది ఆవిడే, గుమ్మంలోనే ఎదురొచ్చింది. కళ్ల కింద నల్లటి చారలున్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"శని, ఆదివారాలు నేను ఊళ్లో లేనండీ. టీకాల క్యాంపుకెళ్లాను. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి దిగాను. అరవైమంది రైతులు సాక్ష్యం చెబుతారు."

"మీరు ఊళ్లో లేకపోతే తాళాలు ఎవరి దగ్గర?"

"ఒకటి నా దగ్గర, ఒకటి ల్యాబ్ అమ్మాయి దగ్గర."

"ఈ తాళం కొని ఎన్నేళ్లయింది?"

డాక్టరమ్మ తడబడింది. "నేను కొనలేదండీ. ఇది ముందు మా సీనియర్ గారి క్లినిక్. ఆరేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. ఆయన పెద్ద ఆసుపత్రి కట్టుకుని వెళ్లాక ఇది నేను తీసుకున్నాను."

"ఆ సీనియర్ గారు?"

"ఫిర్యాదు చేసినాయనే."

వదిన నా వంక చూడలేదు. అయినా నేను రాసుకున్నాను.

ల్యాబ్ పది అడుగుల గది. ఒక పక్క మైక్రోస్కోపు, మరో పక్క వేడినీళ్ల తొట్టి, మూలన పాలక్యాను ఆకారంలో మోకాలెత్తు అల్యూమినియం డబ్బా. దాని మెడ చుట్టూ గుడ్డ టేపు, టేపు మీద ఎర్రలక్క ముద్రలు నాలుగు ఉన్నాయి. మూత అంచుల నుంచి తెల్లటి పొగ సన్నగా కిందికి జారుతోంది. డబ్బా పక్కన ల్యాబ్ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఈ పొగ ఎప్పుడూ ఇలాగే వస్తుందా తల్లీ?" అడిగింది వదిన.

"రాదండీ. మూత కింద థర్మోకోల్ బిరడా ఉండాలి. అధికారిగారు అది సాక్ష్యమని సంచిలో వేసుకుని తీసుకెళ్లారు."

వదిన కనుబొమలు పైకి లేచాయి. "బిరడా లేకపోతే?"

"నైట్రోజన్ ఊరికే ఆవిరైపోతుందండీ. నింపేవాడు నిన్ననే వచ్చాడు. సీలుందని సారు వెనక్కి పంపేశారు. లోపల అయిపోతే ఇరవై రెండు కుక్కల కణాలు పోతాయండీ!"

సరిగ్గా అప్పుడే, పదకొండూ యాభైకి, గుమ్మంలో బూట్ల చప్పుడైంది. విచారణాధికారి వచ్చాడు. ఊరంతా ఆయన్ని సీలు సారు అంటారు. కనబడినదానికల్లా సీలు వేయడం ఆయన సరదా. వదినకీ ఆయనకీ బీమా రోజుల నుంచే చుక్కెదురు.

"మళ్లీ మీరేనా మేడమ్? గేదెలైపోయాయి, కుక్కల మీద పడ్డారా?"

"మీరు మనుషుల మీద పడుతుంటే తప్పలేదు సార్. ఆ బిరడా ఏది?"

"ఎగ్జిబిట్ నంబర్ త్రీ. నా బీరువాలో భద్రంగా ఉంది."

"బిరడా భద్రంగా ఉంది, డబ్బా తగలడిపోతోంది. దీన్ని ఇప్పుడే తెరవాలి."

"సీలు మీద చెయ్యి పడితే మీ మీద కూడా కేసు పెడతాను. ఇదిగో నోటీసు. చదువుకోండి, చదువొస్తే."

వదిన నోటీసు అందుకుంది. ఒకసారి చదివి, ఇంకోసారి చదివి, నా చేతికిచ్చింది. "మూడో పేరా. అక్షరం పోకుండా ఎక్కించు."

ఎక్కించాను. 'దొరగారు అను శునకమునకు చెందినదిగా పేర్కొనబడిన పసుపు మూత గల సీసా తనిఖీలో కనబడలేదు.' ఆ భాష చూసి నాకు పళ్లు పులిశాయి.

వదిన అప్పటికే ఫోనులో ఉంది. "అధ్యక్షురాలు గారూ, సమావేశం నాలుగింటికని తెలుసు. మీ అధికారి సాక్ష్యాన్ని కాపాడుతున్నాడో ఆవిరి చేస్తున్నాడో ఒక్కసారి వచ్చి మీ కళ్లతో చూడండి. ఇరవై రెండు కుక్కల మందు పోతే రేపు పేపర్లో పడేది మీ మండలి పేరే." అవతలి మాట విని ఫోను పెట్టేసింది. "పన్నెండూ నలభైకల్లా ఇక్కడుంటారట. అప్పటిదాకా సార్, మీరు ముందు గదిలో కూర్చోండి. దొరగారు తోడుంటాడు."

సీలు సారు ముఖం మాడ్చుకుని వెళ్లాడు. వదిన తలుపు వేసి, ల్యాబ్ అమ్మాయికి స్టూలు చూపించింది.

"గోడ మీద ఆ అంకెలేంటమ్మా?"

"రోజూ ఉదయం తొమ్మిదింటికి చెక్క స్కేలు డబ్బాలో ముంచుతానండీ. బయటికి తీసి గాలిలో ఊపితే నైట్రోజన్ ఉన్నంత మేర తెల్లగా మంచు పడుతుంది. ఎన్ని సెంటీమీటర్లో రాస్తాను. ఆదివారం కూడా వస్తాను, సెలవని అది ఆవిరవడం మానదుగా."

నేను దగ్గరికెళ్లి చదివాను. శుక్రవారం పద్దెనిమిది. శనివారం పదిహేడున్నర. ఆదివారం పదిహేడు. సోమవారం పన్నెండున్నర.

"రోజుకి అర సెంటీమీటరు పడేది, ఆదివారం తొమ్మిది తర్వాత నాలుగున్నర పడింది," అంది వదిన. "అంటే ఎవరో మూత తీసి చాలాసేపు ఉంచారు. నువ్వొక సీసా తీయాలంటే ఎంతసేపు?"

"అర నిమిషం కూడా పట్టదండీ. ఏ గొట్టంలో, ఏ కడ్డీకి తగిలించి ఉందో రిజిస్టర్లో ఉంటుంది."

"డాక్టరమ్మకి?"

"ఆవిడకీ అంతే. కాకపోతే ఏడాదిగా డబ్బాలో చెయ్యి పెట్టేది నేనే."

వదిన ముఖం విచ్చుకుంది. "విన్నావా మరిదీ? దారి తెలిసినవాళ్లు అర నిమిషంలో పని ముగిస్తారు. మన దొంగ గంటసేపు గొట్టాలన్నీ పైకి లాగి వెతుక్కున్నాడు. ఈ అమ్మాయీ కాదు, ఆ డాక్టరమ్మా కాదు." మళ్లీ ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగింది. "ఇప్పుడు రిజిస్టరు తియ్యి. దొరగారి పేజీ."

పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలు. 'నాలుగో గొట్టం, రెండో కడ్డీ, నీలం మూత.'

నాకు అప్పుడు వెలిగింది. నోటీసులో పసుపు, రిజిస్టర్లో నీలం. నోరు తెరవబోతే వదిన కాలు తొక్కింది.

"పసుపు మూత ఏంటమ్మా?" ఎంతో మామూలుగా అడిగింది.

ల్యాబ్ అమ్మాయి ముఖంలో రక్తం లేదు. చాలాసేపు చేతులు నలుపుకుంది. అప్పుడు భోరుమంది.

"డాక్టరమ్మకి చెప్పొద్దండీ. కిందటేడు నావల్ల ఒక కుక్క కణాలు చచ్చిపోయాయి. కడ్డీ మీద పేర్లు కనబడక మాటిమాటికీ పైకెత్తి చూసేదాన్ని. ఎత్తినప్పుడల్లా బయటి వేడికి అవి కరిగాయి. ఆ సంగతి దాచేశాను. అప్పట్నుంచి ప్రతి కడ్డీకీ పైన ఒక ఉత్తి సీసా తగిలిస్తున్నాను, పెద్దక్షరాలతో కుక్క పేరు అంటించి. ఒక్కో కుక్కకి ఒక్కో రంగు మూత. దొరగారికి పసుపు. దాన్ని చూస్తే చాలు, కింద అసలుది చలిలోంచి కదలక్కర్లేదు. అసలు వాటికి పేర్లుండవు, అన్నిటికీ నీలం మూతలే, అడుగున ఉంటాయి. ఈ ఏర్పాటు నాకు తప్ప ఎవరికీ తెలియదండీ."

"నిన్న సీలు సారు తెరిచినప్పుడు అడుగున చూశావా?"

"నన్ను దగ్గరికి రానిస్తేగా! ఆయనే కడ్డీ కాస్త పైకి లాగి, లేదు అని వదిలేశారు. నేనేదో చెప్పబోతే నోరు మూసుకో అన్నారు. కాగితం అప్పటికే టైపు చేసి తెచ్చుకున్నారండీ. అందులో తారీఖు మాత్రమే చేత్తో రాశారు. దొంగ రెండూ తీసుకెళ్లాడేమో, కిందది ఉందో లేదో నాకు తెలియదు. ఉందని చెప్పి, తీరా లేకపోతే? ఇంక డాక్టరమ్మ ముఖం ఎలా చూడను?"

వదిన ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ల చివర్లన్నీ పాత చలికాట్లతో మొరటుబారి ఉన్నాయి. నేను ఇంతసేపూ ఆ చేతుల్ని చూడనే లేదు.

"పిచ్చిదానా," అంది వదిన, "నువ్వు తప్పు దిద్దుకోబోయి దొంగకి బొమ్మ సీసా ఇచ్చి పంపావేమో. గ్లవ్స్ వేసుకో."

అధ్యక్షురాలు అన్నట్టే పన్నెండూ నలభైకి వచ్చింది. డెబ్బై ఏళ్ల పశువైద్యురాలు, చేతిలో కర్ర, నడకలో తొందర. డబ్బా చుట్టూ పొగ చూడగానే సీలు సారు వైపు తిరిగింది.

"బిరడా లేకుండా ఎన్ని గంటల నుంచయ్యా?"

"నిబంధన ప్రకారం మేడమ్, విడి భాగాలన్నీ..."

"నిబంధన ప్రకారం నీ తల తీసి బీరువాలో పెట్టలేదు, సంతోషం. సీలు విప్పు."

విప్పాడు. మూత లేవగానే తెల్లటి పొగ భుస్సుమంటూ నేలంతా పరుచుకుంది. ల్యాబ్ అమ్మాయి చెక్క స్కేలు ముంచి, పైకి తీసి, గాలిలో ఊపింది. మంచు గీత ఐదు దగ్గర పడింది.

"అసలు సీసాలు ఎంత ఎత్తు దాకా ఉంటాయి?" అడిగింది డాక్టరమ్మ. తన ల్యాబులో తనకు తెలియని ఏర్పాటు ఉందని ఆవిడ ఐదు నిమిషాల క్రితమే విన్నది.

"నాలుగు, డాక్టరమ్మా."

ఒక్క సెంటీమీటరు. కండక్టరుగారు గుమ్మంలో నిలబడి తువ్వాలు పిండేస్తున్నాడు. అది పొడిగానే ఉంది.

నాలుగో గొట్టం, రెండో కడ్డీ. పైన కొక్కెం ఖాళీ. సీలు సారు గొంతు సవరించుకున్నాడు. ల్యాబ్ అమ్మాయి పట్టించుకోకుండా కడ్డీ పూర్తిగా పైకి తీసింది. అడుగున, మంచు కప్పుకుని, చిటికెన వేలంత సీసా ఉంది. గ్లవ్‌తో తుడిచింది.

నీలం మూత.

నేను కేక పెట్టాను. సిగ్గుపడాల్సిన విషయమే కానీ, పడను. కండక్టరుగారు కూడా పెట్టాడు. ముందు గదిలో దొరగారు ఒకటే మొరుగుడు. డాక్టరమ్మ మాత్రం చప్పుడు చేయకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఉన్నంత మాత్రాన?" అన్నాడు సీలు సారు. "అందులో ఏముందో ఎవరికి తెలుసు? ఉప్పునీళ్లు కావచ్చు."

"ఇప్పుడే చూద్దాం," అంది అధ్యక్షురాలు. "కానీ ఒకసారి కరిగిస్తే మళ్లీ దాచడానికి లేదు. ఈ రోజే కుక్కకి ఎక్కించెయ్యాలి. మీకు సమ్మతమేనా?"

"మూడు వారాల్లో వేయాల్సిందేనండీ, ముందయితే నష్టం లేదు," అంది డాక్టరమ్మ. "మత్తిచ్చి వేయాలి. దొరగారు పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడా?"

"వాడు తినలేదమ్మా, నేనూ తినలేదు," అన్నాడు కండక్టరుగారు. "ఈ రోజు మీ ఆసుపత్రి మూసేస్తారంటే మాకు ముద్ద దిగుతుందా?"

వేడినీళ్ల తొట్టిలో రెండు నిమిషాలు. ఒక చుక్క తీసి నీలం రంగు కలిపి, గాజు పలక మీద పెట్టారు. ఇంకో చుక్క, ఆ కణాలు దొరగారివేనని తర్వాత తేల్చడానికి, అధ్యక్షురాలు తన సంచిలో వేసుకుంది.

"చచ్చిన కణం రంగు తాగుతుంది, బతికినది తాగదు," అని డాక్టరమ్మ మాకు చెప్పింది. అధ్యక్షురాలు మైక్రోస్కోపు మీదికి వంగింది. గోడ గడియారం ఒకటీ పది చూపిస్తోంది. ఆవిడ లెక్కపెడుతూనే ఉంది.

"నూటికి ఎనభై నాలుగు తెల్లగా మెరుస్తున్నాయి," అంది తలెత్తి. "ఉప్పునీళ్లు ఇలా మెరవ్వు నాయనా. నువ్వూ చూడు."

సీలు సారు చూశాడు. చూసి, టోపీ తీశాడు.

ఇప్పుడు వదిన వంతు. నా నోటుబుక్కు తీసుకుని ఆయన ముందు పెట్టింది.

"సార్, రిజిస్టర్లో నీలం మూత అని ఉంది. డాక్టరమ్మకి తెలిసింది నీలమే. పసుపు మూత సంగతి తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకరు దాన్ని తగిలించిన ఈ అమ్మాయి. రెండోవాడు దాన్ని ఆదివారం పట్టుకుపోయిన దొంగ. మీరు డబ్బా తెరవక ముందే టైపు చేసిన కాగితంలోకి ఆ పసుపు ఎలా వచ్చింది?"

సీలు సారు మెడ మీద చెమట కారుతోంది. ఆయన మొండివాడు, గర్విష్ఠి, కానీ దొంగ కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది, వదినకి మాత్రం నోటీసిస్తున్న ఆయన చేతులు చూసినప్పుడే తెలిసినట్టుంది.

"నేను రాయలేదు," అన్నాడు చివరికి. "అంటే, చెప్పింది రాశాను. ఆదివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. పసుపు మూత సీసా ఉంటుంది, అది లేకపోతే మోసం రుజువైనట్టే, నోటీసు ముందే టైపు చేసుకుని వెళ్లు, టైము కలిసొస్తుంది అన్నారు. పెద్దాయన, సభ్యుడు. నేనెందుకు అనుమానిస్తాను?"

ఫోను తీసి చూపించాడు. ఆదివారం, ఒంటిగంటా నలభై రెండు. కత్తి డాక్టరు పేరు.

"తాళం మార్చలేదు నేను," అంది డాక్టరమ్మ గోడకి చెబుతున్నట్టు. "పదేళ్లుగా అదే తాళం. నాకు పని నేర్పినాయన, నా ఇంటికే..." తర్వాత ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగింది. ఆ పిల్ల తల దించుకుంది. "కిందటేడు చచ్చిపోయినవి ఏ కుక్కవో సాయంత్రం చెబుదువుగాని. వాళ్లింటికి ఇద్దరం కలిసి వెళ్దాం. దాచావని కోపమే, చాలా కోపం. కానీ ఈ రోజు నా బతుకు నిలబెట్టింది నువ్వే."

మిగతాదంతా పండగే. బీరువాలోని బిరడా పరిగెత్తుకుంటూ వచ్చింది, తెచ్చింది సీలు సారే. నైట్రోజన్ మనిషి వచ్చి డబ్బా నింపాడు, చెక్క స్కేలు మీద మంచు ఇరవై ఎనిమిది దాకా పాకింది. రెండు గంటలకి దొరగారి రెండు తుంటి కీళ్లలోకీ రెండో డోసు వెళ్లింది. కండక్టరుగారు దాని తల ఒళ్లో పెట్టుకుని, ఏవో పాత స్టాపుల పేర్లు వరసగా చెబుతూ కూర్చున్నాడు.

మూడూ పదికి బయల్దేరాం. దొరగారు మత్తులో తూలుతోంది. మెట్ల దగ్గర ఆగి, ఎప్పటిలాగే వెనక్కి చూసింది. ఈసారి నిజంగానే అవసరం. కండక్టరుగారు నవ్వుతూ తువ్వాలు తీసి పొట్ట కింద వేశాడు. రెండో కొస పట్టుకోవడానికి నేను వంగేలోపు, సీలు సారు వచ్చి పట్టుకున్నాడు. నాలుగు మెట్లూ జాగ్రత్తగా దింపారిద్దరూ.

కారు దగ్గర అధ్యక్షురాలి ఫోను మోగింది. పేరు చూసి, మాకు వినబడేలా స్పీకరు నొక్కింది.

"నమస్కారం మేడమ్," కత్తి డాక్టరు గొంతు హుషారుగా ఉంది. "ఆ ఆసుపత్రి వ్యవహారం తేల్చేద్దాం. సమావేశం నాలుగింటికేగా?"

"నాలుగింటికే," అంది ఆవిడ. "మీరు మాత్రం కాస్త ముందే రండి. వచ్చేటప్పుడు ఆ పసుపు మూత సీసా, పాత క్లినిక్ తాళంచెవి మర్చిపోకుండా పట్టుకురండి."

అవతల ఫోను ఠక్కున కట్టయింది. వదిన కారు తలుపు తీసి నన్ను తోసింది.

"నడుపు మరిదీ. ఆయన ఆ సీసా పారేసేలోపు మనం ఆయన గుమ్మంలో ఉండాలి."